మూడో ప్రకటన

జ్ఞానశేఖర్ జన్యుశాస్త్రం మొదలుపెడితే పక్క గదిలో లెక్కల లెక్చరర్ సోమయాజులు లెక్క తప్పేవాడు. గొంతు అలాంటిది. ఆ డిగ్రీ కాలేజీ నాంపల్లి స్టేషనుకు కూతవేటు దూరంలో ఉంది. మాటవరసకు కాదు, రైలు కూత నిజంగానే కిటికీలోంచి వచ్చి వెనక బెంచీ మీద కూర్చునేది. ఆ కూతకీ ఈ సారు కూతకీ పోటీ పెడితే రైలే ఓడిపోయి వెనక్కి వెళ్లిపోతుందని పిల్లలు అనుకునేవారు. ఎలాగూ నాంపల్లిలో పట్టాలు అయిపోతాయి, వచ్చిన రైలు వెనక్కే పోవాలి.

“అబిడ్స్‌లో కొన్న జీన్స్ చిరిగితే మార్చుకోవచ్చురా. అమ్మానాన్నలిచ్చిన జీన్స్ చిరిగినా అవే తొడుక్కోవాలి. ఎక్స్‌ఛేంజీ లేదు, డిస్కౌంటూ లేదు” అని మొదలయ్యేది పాఠం. క్రోమోజోములు జోళ్లలాంటివి, జతగానే ఉంటాయి, ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. డీఎన్ఏ బీరువాలోంచి బయటికి రాని అసలు దస్తావేజు, ఆర్ఎన్ఏ దాని జిరాక్సు. జిరాక్సు తీస్తే అనులేఖనం, దాన్ని చదివి ప్రొటీను వండితే అనువాదం, వంట చెడితే వివాదం. అంతర్గత లక్షణమంటే పార్టీలో అంతర్గత కలహాల్లాంటిది, ఎన్నికలొచ్చేదాకా పైకి కనబడదు. తెలుగు మీడియం పిల్లలు పరీక్షలో ఈ జోకులన్నీ రాసి, మధ్యలో జవాబు కూడా రాసి పాసయ్యేవారు.

ఉత్పరివర్తన దగ్గరికొచ్చేసరికి బోర్డు మీద ‘రక్తం’ అని రాసి, ర మీద గుడి పెట్టేవాడు. ‘రిక్తం’ అయ్యేది.

“చూశారా, ఒక్క గుడి. అక్షరాలన్నీ ఉన్నాయి. రక్తం మాత్రం ఖాళీ అయిపోయింది. డీఎన్ఏలో కూడా అంతే. కోట్ల అక్షరాల్లో ఒక్కటి తారుమారైతే చాలు.”

పిల్లలు నవ్వేవారు. ఆ ఒక్క చోట ఆయన నవ్వేవాడు కాదు. డస్టరు చేతిలోనే ఉన్నా దానికోసం వెతుక్కునేవాడు.

చర్చికి వెళ్లే ఆయన ఇంట్లోనే ఆ గుడి పడింది మరి. కొడుకు డెన్నిస్‌కు తలసీమియా. ఒంట్లో తయారయ్యే రక్తం నిలవదు, నెలనెలా ఎవరో ఒకరి రక్తం ఎక్కించాలి. అలా ఎక్కించుకుంటూ పదకొండేళ్లు బతికాడు. చివరికి ఎక్కించిన రక్తంలోని ఇనుమే గుండెలో పేరుకుని ప్రాణం తీసింది. “మావాడు ఇనుములాంటి వాడండీ” అని ఒకప్పుడు దవాఖాన వరండాలో తను వేసిన జోకు గుర్తొస్తే జ్ఞానశేఖర్ నాలుక ఇప్పటికీ నోట్లో ముడుచుకుంటుంది.

జ్ఞానశేఖర్ ఆ జబ్బు జన్యువును మోసే వాహకుడు, భార్య సుగుణమణి వాహకురాలు. ఇద్దరికీ ఏ జబ్బూ లేదు, ఇద్దరికీ ఆ సంగతీ తెలియదు. వాళ్ల పెళ్లికి ముందు చర్చిలో పద్ధతి ప్రకారం మూడు ఆదివారాలు అయ్యగారు పేర్లు చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండని అడిగారు. అభ్యంతరం వాళ్లిద్దరి నరాల్లో సుఖంగా కూర్చుని ఉంది, లేచి నిలబడలేదు.

అందుకే ప్రతి బ్యాచికీ జన్యుశాస్త్రం అయిపోగానే సిలబస్‌లో లేని ప్రాక్టికల్ ఒకటి చేయించేవాడు. పిల్లలు దానికి గీత పరీక్ష అని పేరు పెట్టారు. సన్నటి గాజుగొట్టంలో పలచటి ఉప్పునీళ్లు పోసి, వేలి నుంచి చుక్క రక్తం వేయాలి. అరగంట ఆగి, గొట్టం వెనక నల్లగీత గీసిన తెల్లకాగితం పెట్టి చూడాలి. మామూలు రక్తకణాలు ఆ నీళ్లలో ఉబ్బి పగిలిపోతాయి, ద్రవం తేటపడి గీత కనబడుతుంది. వాహకుల కణాలు మొండివి, అంత తేలిగ్గా పగలవు. ద్రవం మసకగానే ఉంటుంది, గీత కనబడదు. అలాంటివాళ్లను రూఢి చేసుకోవడానికి బషీర్‌బాగ్‌లో పెద్ద ల్యాబుకు పంపేవాడు.

మసకబారినవాళ్ల పేర్లు తరగతంతా వినబడేలా ప్రకటించేవాడు, సిగ్గు పోవాలని. “దుర్గయ్యా, నువ్వు వాహకుడివిరా. నాతో కలిసి చెయ్యెత్తు. నేను సిటీ బస్సులాగా ఎప్పట్నుంచో మోస్తున్నా, ఇంతవరకూ ఎక్కడన్నా ఆగానా?” అందరూ నవ్వాక చివరికి చెప్పే మాట మాత్రం ఒకటే. “దాచొద్దు. పెళ్లిచూపుల్లో ముందు ఇది చెప్పాలి, తర్వాతే మిక్చర్ ప్లేటు ముట్టుకోవాలి. ఇద్దరూ మోసేవాళ్లయితేనే భయం. పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు భయం. ఒక్కరే అయితే ఏ భయమూ లేదు.”

కూతురు స్టెఫీకి కూడా గీత కనబడలేదు. “డాడీ పొడుగు రాలేదు, మమ్మీ గొంతు రాలేదు, మీ ఇద్దరి ఆస్తిలో నాకు ఇదొక్కటే వచ్చింది” అని నవ్వేసింది. ఆ పిల్లకు నవ్వడం మాత్రం తండ్రి నుంచే వచ్చింది. అబిడ్స్‌లో ట్రావెల్స్ ఆఫీసులో ఉద్యోగం. ఊరందరికీ టికెట్లు ఇచ్చేది, తను మాత్రం రోజూ నాంపల్లి నుంచి అబిడ్స్‌కు నడిచే వెళ్లేది.

రెండువేల రెండులో ఆమెకు సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు ఎలీషా జ్ఞానశేఖర్ పాత శిష్యుడే. ఊరు మెదక్. తల్లి యూనీస్ అక్కడి మిషన్ స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్, చర్చి సభల్లో రెండు కుటుంబాలకూ పాత పరిచయమే. తండ్రి ఇజ్రాయేల్ రైల్వేలో రిటైరయ్యాడు. రైలులాగే, ఆవిడ పచ్చజెండా ఊపితే కదులుతాడు. ఎలీషా చదువులో చురుకు. జన్యుశాస్త్రంలో కాలేజీ ఫస్టు. గీత పరీక్ష రోజున మాత్రం సూది చూసి సుదూరం పారిపోయాడు. అప్పుడు జ్ఞానశేఖర్ తరగతిలో, “వీడు థియరీలో ఫస్టు, ప్రాక్టికల్‌లో పరారు” అన్నాడు. ఆ తర్వాత ఎలీషా మెడికల్ రిప్రజెంటేటివ్ అయి, పెద్ద నల్ల బ్యాగు మోసుకుంటూ డాక్టర్ల గుమ్మాల్లో నిలబడేవాడు.

మొదటిరోజే స్టెఫీ అతనికి తన సంగతి చెప్పింది. అతనూ నవ్వాడు. “సార్ పాఠమే గదా. నాకు దెల్వదా? ఇంట్ల నేను చెప్త, నువ్వు ఫికర్ చెయ్యకు” అన్నాడు. తన రక్తం కూడా చూపించుకుంటానన్నాడు. ఆ వేలు మాత్రం ఇవాళ మీటింగు, రేపు టూరు అంటూ వాయిదా పడుతూ వచ్చింది.

మొదటి ఆదివారం అబిడ్స్ చర్చిలో అయ్యగారు పేర్లు చదివారు. “ఈ ఇరువురు పరిశుద్ధ వివాహమందు ఏకమగుటకు న్యాయమైన ఆటంకము ఎవరికైనను తెలిసియున్నయెడల వచ్చి తెలియజేయవలెను. ఇది మొదటి ప్రకటన.” సుగుణమణి భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయనకు అల్లుడు అని పిలవడానికి నోరు అల్లాడిపోతోంది, కాని గీత చూడందే పిలవకూడదని నోరు కట్టుకున్నాడు. ఇద్దరూ మోసేవాళ్లయితే ఏం చేయాలో ఆయనకు పుస్తకాల్లో తెలుసు. కడుపులో ఉండగానే పరీక్ష చేయించవచ్చు. ఇంకో డెన్నిస్‌ను ఒళ్లో పెట్టుకుని ఏం చేయాలో మాత్రం ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఆరాధన అయ్యాక గేటు దగ్గర ఎలీషాను పట్టుకున్నాడు.

“ఎంతమంది డాక్టర్ల దగ్గరికి వెళ్తావయ్యా రోజూ? ఒక్క చుక్క ఇవ్వలేవా?”

“బుధవారం పక్కా వస్త సార్.”

వచ్చాడు. మధ్యాహ్నం ల్యాబు ఖాళీగా ఉంది. ఎలీషా కళ్లు మూసుకుని వేలు చాపాడు, ఇంకెవరిదో వేలు తెచ్చి ఇచ్చినట్టు.

“అయిపోయింది. కళ్లు తెరువు.”

“అయిపోయిందా సార్? గింతేనా?”

“ఇంతే. దీనికోసం ఇన్నేళ్లు పరిగెత్తావు. ఒలింపిక్స్‌కి పంపాల్సింది నిన్ను.”

అరగంట. జ్ఞానశేఖర్ కుర్చీలో కూర్చోలేకపోయాడు. బీకర్లు సర్దాడు, సర్దినవి మళ్లీ సర్దాడు. స్టేషన్లో ఏదో రైలు ఆగుతూ పెద్దగా నిట్టూర్చింది. గొట్టం తీసి, వెనక కాగితం పెట్టి, కిటికీ వెలుగులోకి ఎత్తాడు.

గీత కనబడింది. కాటుకతో దిద్దినట్టు, నల్లగా, తిన్నగా.

“రా అల్లుడూ, చాయ్ తాగుదాం” అన్నాడు జ్ఞానశేఖర్.

ఇరానీ హోటల్లో ఉస్మానియా బిస్కట్ చాయ్‌లో ముంచుతూ ఎలీషా నెమ్మదిగా అన్నాడు, “ఇగ ఇంట్ల ధైర్యంగ చెప్త సార్.”

బిస్కట్ విరిగి ఆయన కప్పులో పడింది. “ఇంకా చెప్పలేదా?”

“మంచి వార్తతోని కలిపి చెప్దామని. నాది క్లియర్ ఉన్నది గదా, ఇగ ఏమంటరు?”

“ఏమంటారు” అన్నాడు జ్ఞానశేఖర్ కూడా. తను ఇన్ని బ్యాచిలకు చెప్పిన పాఠమే కదా, ఏమంటారు?

రెండో ఆదివారం రెండో ప్రకటన చదివారు. ఎలీషా చర్చికి రాలేదు. గురువారం సాయంత్రం యూనీస్, ఇజ్రాయేల్, వాళ్ల వెనక ఎలీషా ఇంటికొచ్చారు. స్టేషన్ వెనక కిరాయి ఇల్లు, ముందుగది చిన్నది. అందరూ దగ్గర దగ్గరగా కూర్చోవాల్సి వచ్చింది.

“వందనాలు సార్. వందనాలు అక్కా” అంది యూనీస్. కాసేపు పెళ్లి ఏర్పాట్ల మాట ఎవరూ ఎత్తలేదు. అప్పుడే జ్ఞానశేఖర్‌కు అర్థమైంది.

“పిల్లగాడు చెప్పిండు సార్. అమ్మాయి రక్తంల ఉన్నదంట గదా.”

“జబ్బు కాదమ్మా. మా ఇంటావిడా నేనూ మోస్తూనే ఉన్నాం, చూడండి, గుండ్రాళ్లలా ఉన్నాం. ఇంట్లో రెండు గ్యాస్ సిలిండర్లు ఉన్నాయనుకోండి. ఒకటి ఖాళీ అయినా రెండోదాని మీద వంట నడుస్తుంది. రెండూ ఖాళీ అయితేనే పొయ్యి ఆరుతుంది. స్టెఫీకి ఒకటి ఖాళీ. మీవాడికి రెండూ నిండుగా ఉన్నాయి. పుట్టే బిడ్డకు తల్లి ఒకటిస్తుంది, తండ్రి ఒకటిస్తాడు. తండ్రి ఇచ్చేది ఎప్పుడూ నిండుదే. ఇక పొయ్యి ఆరేదెక్కడ?”

యూనీస్ శ్రద్ధగా విన్నది. బడిపిల్లలతో బతికిన మనిషి, వినడం వచ్చు.

“సమజైంది సార్. కానీ రెండూ నిండుగున్న ఇల్లు దొర్కుతది గదా.”

ఇజ్రాయేల్ కిటికీలోంచి స్టేషన్ వైపు చూశాడు. జ్ఞానశేఖర్ ఎలీషా వైపు తిరిగాడు.

“నువ్వు చెప్పు బాబూ. పది మార్కుల ప్రశ్న. తల్లి వాహకురాలు, తండ్రి కాదు. పిల్లల మాటేమిటి?”

ఎలీషా నేల చూపులతోనే అప్పజెప్పాడు. “ఒక్కొక్కరికీ సగం అవకాశం వాహకులయ్యేది, సగం కానిది. జబ్బు ఎవ్వరికీ రాదు సార్.”

“నూటికి నూరు. మరి?”

“అమ్మ ఒప్పుకుంటలేదు సార్.”

“ఒప్పుకోక ఏం జేస్త చెప్పున్రి” అంది యూనీస్. గొంతులో కోపం లేదు. అదే కష్టంగా ఉంది. “మీ బాబును మట్టిల వెట్టిన్నాడు నేనొచ్చిన. సుగుణమణక్క ఏడ్చిన ఏడ్పు నాకింకా యాదికున్నది. మీరు చెప్పకుంటే మాకు తెల్వకపోవు. చెప్పిన్రు, మంచిగనే చేసిన్రు. కానీ నా మనుమలు గూడ మోసేటోళ్లు కావచ్చని మీరే అంటున్నరు.”

“కావచ్చు. వాళ్ల పెళ్లిళ్లకూ ఇట్లాగే పరీక్ష చేసి, చెప్పి, చేస్తాం.”

“గప్పుడు అవుతలోళ్లు గూడ మా ఇంట్ల గిట్లనే వచ్చి కూసుంటరు. గిట్లనే లేసి ఎల్లిపోతరు.”

“ఇప్పుడు లేచి వెళ్తున్నది మీరు కదమ్మా.”

“ఔ సార్. అందుకే నాకెరుక.”

ఆవిడ అన్నదాంట్లో జన్యుశాస్త్రం తప్పు ఒక్కటీ లేదు. కొట్టేయడానికి ఎర్రసిరా ఎక్కడ పెట్టాలో ఆయనకు తెలియలేదు.

స్టెఫీ వంటగదిలోంచి చాయ్ తెచ్చింది. ముందుగది మాటలన్నీ వంటగదిలోకి వినబడేవే. మొహం మాత్రం మామూలుగానే ఉంది. యూనీస్‌కు ఇచ్చింది, ఇజ్రాయేల్‌కు ఇచ్చింది, ఎలీషా దగ్గర ఆగింది.

“వేలు నొప్పి తగ్గిందా?” అని అడిగింది.

అతను తలెత్తలేదు. ఆమె కప్పు అతని పక్కన బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లింది. ఆ కప్పు అలాగే ఉండిపోయింది.

వాళ్లు వెళ్లాక సుగుణమణి చాలాసేపు గోడమీది డెన్నిస్ ఫొటో కింద కూర్చుంది. “ఏదో ఒకటి అనండి” అంది భర్తతో. “ఎప్పుడూ అంటారుగా. పాడుజోకైనా సరే.”

ఆయన చాయ్ చల్లారిన ఆ కప్పు తీసి కడిగి బోర్లించాడు.

మూడో ఆదివారం వెళ్లొద్దంది సుగుణమణి. స్టెఫీ వినలేదు. “ఎందుకు మమ్మీ? నేనేమన్నా దొంగతనం చేసిన్నా?” నీలంచీర కట్టుకుని, ఎప్పుడూ కూర్చునే వరసలో కూర్చుంది. అయ్యగారు కళ్లజోడు సర్దుకుని ప్రకటనలు చదివారు. గౌలిగూడ అబ్బాయి, బొల్లారం అమ్మాయి, రెండో ప్రకటన. ఇంకో జంట, మొదటిది. కాగితం మడిచారు. వెనక వరసల్లో ఎవరో గుసగుసగా ఏదో అన్నారు, ఇంకెవరో “ష్” అన్నారు. స్టెఫీ కీర్తనల పుస్తకం తెరిచింది. అందరితోపాటు లేచి పాడింది. తల్లి గొంతు రాలేదనేది గాని, ఆ రోజు ఆ పిల్ల గొంతు ఎక్కడా వణకలేదు.

సుగుణమణి ఆటోలో వెళ్లిపోయింది. తండ్రీకూతుళ్లు నడిచారు. ఆదివారం కాబట్టి మూసిన దుకాణాల ముందు అబిడ్స్ పేవ్‌మెంటంతా పాత పుస్తకాలు పరుచుకుని ఉంది. ఒక కుప్పలో అట్ట ఊడిన జువాలజీ పుస్తకం కనబడి, అలవాటుగా వంగి, మళ్లీ లేచాడు.

“నేను నోరు మూసుకుని ఉండాల్సింది” అన్నాడు. “వాడి గీత తేటగానే ఉంది కదా. ఎవరికీ చెప్పకపోయినా ఏ బిడ్డకూ ఏమీ అయ్యేది కాదు.”

“చూసినంక కదా డాడీ తెలిసింది, తేటగా ఉందని.”

“చూసి ఊరుకోవాల్సింది.”

“మొదలు చెప్పింది నేను. మీరు కాదు.” కొంచెం దూరం నడిచాక అంది, “డెన్నిస్‌కు రక్తం ఎక్కిస్తుంటే ఆ సీసా కింద కూర్చుని నేను హోంవర్క్ రాసుకున్నా. ఆ సంగతి దాచిపెట్టి ఎవరి పక్కన పడుకుంటా?”

ఆమె ఏడుస్తోందని ఆయనకు అప్పుడు తెలిసింది. నడక ఆపకుండా, చప్పుడు లేకుండా, ట్రాఫిక్ చూస్తున్నట్టు మొహం అటు తిప్పుకుని ఏడుస్తోంది. ఆయన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాడు, చిన్నప్పుడు దాటించినట్టు.

మరుసటి వారం కొత్త బ్యాచికి గీత పరీక్ష. మానేద్దామనుకున్నాడు. ఉప్పునీళ్లు మాత్రం పొద్దున్నే వచ్చి కలిపేశాడు. ఈసారి గొట్టాలన్నీ తన బల్ల మీదికి తెప్పించుకుని, కాగితం తనవైపే పెట్టుకుని, ఒక్కొక్కరినే పిలిచి, వాళ్లకే వినబడేలా చెప్పాడు. జ్ఞానశేఖర్ సారు గుసగుసలాడటం ఆ కాలేజీ ఎన్నడూ వినలేదు. పక్క గదిలో సోమయాజులు లెక్క ఆపి, ఏమైందోనని తొంగిచూసి పోయాడు.

సాయిసుధ అనే అమ్మాయి గొట్టం మసకగా ఉంది. ముందు బెంచీలో కూర్చునే పిల్ల, ప్రశ్నలు ఎక్కువ. ఆయన గొట్టాన్ని కొంచెం తిప్పి చూశాడు, ఇంకో కోణంలో గీత దొరుకుతుందేమోనని. దొరకలేదు.

“రూఢి చేసుకోవాలమ్మా. బషీర్‌బాగ్ ల్యాబుకు చీటీ రాసిస్తా. అయినా ఇది జబ్బు కాదు.”

“తెలుసు సార్. మోసేటోళ్లం అంతే.” ఆ అమ్మాయి బల్లమీదికి వంగింది. “ఇంట్ల చెప్పాల్నా సార్?”

ఏళ్ల తరబడి వేదిక మీంచి గొంతు చించుకుని చెప్పిన జవాబు అది. ఆయన పెన్ను మూత తీశాడు, పెట్టాడు.

“చెప్పాలి” అన్నాడు. “మీ అమ్మానాన్నల్ని నా దగ్గరికి తీసుకురా. నువ్వు ఒక్కదానివే చెప్పొద్దు. నేను పక్కనుంటా.”

“చెప్తే...” ఆ అమ్మాయి ఒకసారి వెనక్కి చూసుకుంది. “చెప్తే రేపు నాకు పెండ్లి అయితదా సార్?”

సారు తలెత్తాడు. ఆ తలెత్తే తీరు వెనక బెంచీ వాళ్లకు బాగా తెలుసు. ఏదో పేలబోతుందని ముందే నవ్వు సిద్ధం చేసుకున్నారు. ఒకడు ఆగలేక నవ్వేశాడు కూడా.

“తెలియదమ్మా” అన్నాడు జ్ఞానశేఖర్.

నవ్వినవాడు ఆగిపోయాడు. ఆయన గొట్టాన్ని స్టాండులో పెట్టి, తర్వాతి పేరు పిలిచాడు.